చీటీ మీద ప్రశ్నార్థకం ఎందుకు పెట్టానంటే

మొన్న వేసవి సెలవులకు ముందు మా కాలేజీ జువాలజీ ల్యాబులో పాత బీరువా సర్దుతుంటే, ఫార్మలిన్ సీసాల వెనక ఒక అట్టపెట్టె దొరికింది. లోపల దూది పరిచి ఏడు రాతి నత్తలు పెట్టి ఉన్నాయి. వాటిలో బాగా గుండ్రంగా, చిన్న ఉసిరికాయంత ఉన్నదాని కింద పసుపెక్కిన చీటీ ఒకటి: "నాటికా. ట్రయాసిక్. యూరప్." నాటికా అంటే ఒక సముద్రపు నత్తల ప్రజాతి, దగ్గరి జాతుల గుంపు. ఎవరు తెచ్చారో, ఏ ఊరి రాయో, ఏ పొరలోదో ఒక్క ముక్క లేదు.

ఇలాంటి నత్త నాకు కొత్త కాదు. 1990ల్లో విజయనగరంలో బీఎస్సీ చదివేటప్పుడు ప్రాక్టికల్ పరీక్షలో అచ్చం ఇలాంటిదే స్పాటర్‌గా పెట్టారు. గుర్తించి వ్యాఖ్య రాయమన్నారు. నేను దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "సముద్రపు నత్త శిలాజం, లోపలి అచ్చు మాత్రమే మిగిలింది, మొన అరిగిపోయింది, ప్రజాతి చెప్పడానికి ఆధారం చాలదు" అని రాశాను. సున్నా వేశారు. వైవాలో ఎగ్జామినర్ నా పేపరు చూపించి "తెలీదని రాయడానికి ఇంతదూరం రావాలా?" అన్నారు. పక్క టేబుల్ వాళ్లంతా నాటికా అని రాసి మార్కులు తెచ్చుకున్నారు. రికార్డు పుస్తకంలో అలాగే ఉంది కాబట్టి.

ఇప్పుడు నేను టేబుల్‌కు అవతలి వైపున ఉన్నాను. పెట్టె దొరికిన రోజు గార మండలం నుంచి వచ్చే ఒక అమ్మాయి నా పక్కనే ఉంది. ఆ నత్తను ఫోన్లో ఫొటో తీసి వెతికింది. అదీ నాటికా అనే చూపించింది. "చీటీ, ఫోనూ రెండూ ఒకటే చెప్పాయి కదా సార్, ఇంక ఖాయమే కదా?" అంది. ఆ క్షణాన అవుననీ కాదనీ అనలేకపోయాను. ఆ పిల్లకు ఇవ్వాల్సిన జవాబు ఇది.

నా వాదన సూటిగా చెప్పేస్తాను. ట్రయాసిక్ నత్తను పైరూపం చూసి పేరు పెట్టడం గుర్తించడం కాదు. ఏ లక్షణం కనిపిస్తోంది, ఏది కనిపించడం లేదు, కాబట్టి ఎంతవరకు చెప్పగలం, అక్కడ ఆగడం గుర్తించడం. ఆగినచోట ప్రశ్నార్థకం పెట్టినవాడికి సున్నా వేసే పద్ధతి పిల్లలకు సైన్సు బదులు బట్టీ నేర్పుతోంది.

ముందు ఈ నత్త మన దగ్గరిది ఎందుకు కాదో చెప్పాలి. ట్రయాసిక్ అంటే సుమారు 25 కోట్ల 20 లక్షల ఏళ్ల నుంచి 20 కోట్ల ఏళ్ల కిందటి వరకు సాగిన కాలం. అప్పుడు కళింగపట్నం దగ్గర సముద్రం లేదు. బంగాళాఖాతమే పుట్టలేదు. మన తూర్పు కనుమలు అంటార్కిటికాతో అతుక్కుని గోండ్వానా అనే పాత మహాఖండం నడిబొడ్డున ఉండేవి. సాలూరు, బొబ్బిలి వైపు కొండల్లో కనిపించే ఖోండలైటు రాయి (కోందుల పేరు మీదే దానికి ఆ పేరు వచ్చింది) అప్పటికే ముసలిది. దాదాపు వంద కోట్ల ఏళ్ల కిందట భూగర్భంలో ఉడికి, నలిగి, స్ఫటికాలుగా మారిన రాయి. అందులో నత్త కోసం వెతకడం పొయ్యిలో బూడిదైన కాగితం మీద అక్షరాలు వెతకడం లాంటిది. తెలుగు నేల మీద ట్రయాసిక్ రాళ్లు గోదావరి, ప్రాణహిత లోయలో ఉన్నాయి కానీ అవి నదులూ చిత్తడి నేలలూ వేసిన పొరలు. అక్కడ దొరికేవి సరీసృపాల ఎముకలు, మంచినీటి చేపలు. ట్రయాసిక్ సముద్రపు అడుగును మన దేశంలో చూడాలంటే హిమాలయం ఎక్కాలి. హిమాచల్‌లోని స్పితి లోయలో టెథిస్ అనే పాత సముద్రం వదిలిన సున్నపురాళ్లు ఇప్పుడు మనిషి ఊపిరి అందని ఎత్తులో ఉన్నాయి. స్టోలిచ్కా అనే చెక్ భూగర్భ శాస్త్రవేత్త 1860ల్లో జియొలాజికల్ సర్వే తరఫున అక్కడ తిరిగాడు. ఆయనే అరియలూరు, తిరుచ్చి వైపు క్రిటేషియస్ (ట్రయాసిక్ తర్వాత చాలా కాలానికి వచ్చిన కాలం) నత్తల మీద పెద్ద గ్రంథం రాశాడు. 1874లో లడఖ్ దారిలో ప్రాణం వదిలాడు. నత్తల పేర్ల కోసం అంత దూరం నడిచిన మనుషులున్నారని పిల్లలకు చెప్పినప్పుడల్లా నాకు గొంతు పూడుకుపోతుంది.

"ట్రయాస్" అనే మాట 1834లో జర్మనీలో అల్బెర్టి అనే ఉప్పుగనుల నిపుణుడు పెట్టాడు. మూడు వరుసల రాళ్లను కలిపి ఒక కాలంగా చూశాడు కాబట్టి ఆ పేరు. మధ్య వరుసను అక్కడివాళ్లు ముషెల్‌కాల్క్ అంటారు. ఆ మాటకు అర్థం మొదటిసారి చదివినప్పుడు నేను పుస్తకం మూసి కాసేపు కూర్చున్నాను. గుల్ల సున్నం! మా చిన్నప్పుడు సంక్రాంతికి గోడలకు వేసే సున్నం గుల్లలు కాల్చి చేసిందే. తట్టతో తెచ్చిన ఆ తెల్లని ముక్కల్లో సగం కాలిన నత్తలు అక్కడక్కడా రూపం పోకుండా కనిపించేవి. నీళ్లు పోయగానే బుసబుసమని పొంగి పిండైపోయేవి. మా ఊళ్లో గోడకు పూసిన వస్తువూ, జర్మనీలో కోట్ల ఏళ్ల పొరకు పెట్టిన పేరూ ఒకటే.

ఆ సగం కాలిన నత్తల్లోనే మన సమస్య కూడా ఉంది. నత్తగుల్ల ఎక్కువగా అరగొనైట్ అనే సున్నపు రూపంతో తయారవుతుంది. అది నిలకడలేని ఖనిజం. కాలం గడిచేకొద్దీ కరిగిపోతుంది, లేదంటే కాల్సైట్‌గా మారిపోతుంది. మారేటప్పుడు గుల్ల మీది సన్నని గీతలు, పొరల అమరిక చెరిగిపోతాయి. పూర్తిగా కరిగిపోతే లోపల నిండిన బురద గట్టిపడి అచ్చుగా మిగులుతుంది. ముషెల్‌కాల్క్ నత్తల్లో చాలావాటి గతి ఇదే. మా పెట్టెలోదీ చాలావరకు అలాంటిదే, పెంకు కొద్దిగా మాత్రమే మిగిలింది. అంటే మన చేతిలో ఉన్నది గుల్ల కాదు, గుల్ల లోపలి ఖాళీ రూపం. ఇడ్లీని చూసి ఇడ్లీ రేకు ఏ లోహానిదో, దాని అడుగున ఏ కంపెనీ ముద్ర ఉందో చెప్పమన్నట్టే.

పైరూపం ఎందుకు చాలదో నోటితో చెబితే ఎవరూ నమ్మరు. నాకూ నమ్మకం కుదిరింది నా చేతులతో చేశాకే. ఒక ఆదివారం కళింగపట్నం బీచిలో తెల్లారకముందే తిరిగి నాటికా గుల్లలు ఏరాను. నున్నగా, గుండ్రంగా, పిల్లి కన్నులా ఉంటాయి. అలలు వెనక్కి వెళ్లినప్పుడు తడి ఇసుకలో మెరుస్తుంటే సులువుగానే దొరుకుతాయి. వలలు దులుపుతున్న ఒకామె చూసి "ఏటి మేస్టారూ, తినీవి కావు కదా అయ్యి, ఏటి సేస్తారు?" అంది. తర్వాతి వారం పూసపాటిరేగ దగ్గర చింతపల్లి బీచికి వెళ్లి రాళ్లకు కరుచుకుని ఉండే నెరిటా గుల్లలు, చచ్చినవి మాత్రమే, తెచ్చాను. రెంటినీ అరచేతిలో పక్కపక్కన పెట్టుకుంటే దాయాదుల్లా ఉంటాయి. పొట్టి మొన, పెద్ద చివరి చుట్టు, అర్ధచంద్రం లాంటి నోరు.

ఇంటికొచ్చి వరండాలో కూర్చుని గరుకు కాగితం మీద నీళ్లు చల్లి రెంటినీ పక్కవాటంగా అరగదీశాను. మా అమ్మ వంటింట్లోంచి "ఏటిరా ఆ కరకర, పళ్లు జివ్వుమంటన్నాయి" అని కేకేసింది. ముప్పావుగంట పట్టింది. నాటికా సగానికి అరిగేసరికి లోపల మెట్లబావి లాంటి అమరిక బయటపడింది. నడుమ ఒక కాండం, దాని చుట్టూ మెలి తిరుగుతూ పోయే గది, ఒక్కో చుట్టుకూ మధ్య గోడ. నెరిటాలో అవేవీ లేవు. బయట చుట్లు కనిపిస్తున్నాయి గానీ లోపల అంతా ఒకటే గది, గోడలు కొట్టేసి హాలు చేసిన ఇల్లులా. నెరిటా పెరిగేకొద్దీ తన లోపలి గోడలను తానే కరిగించేసుకుంటుంది. దాని దేహం చుట్లు తిరిగి ఉండదు, ముద్దగా ఉంటుంది.

పై నుంచి చూస్తే దాయాదులు అనిపించిన ఆ రెండూ అసలు ఒకే వంశం కాదు. నెరిటా నెరిటిమార్ఫా అనే పాత శాఖది. నాటికా సీనోగాస్ట్రోపోడా శాఖది. ఈ రెండు శాఖలూ ట్రయాసిక్ కన్నా ఎంతో ముందే విడిపోయాయి. గుండ్రటి గుల్ల అనేది ఇసుకలో దూరేవాడికీ, రాయి మీద అలల దెబ్బ కాచుకునేవాడికీ ఇద్దరికీ పనికొచ్చే రూపం కాబట్టి వేర్వేరు వంశాల్లో మళ్లీ మళ్లీ పుట్టింది. 1840ల్లో యూరప్‌లో ట్రయాసిక్ నత్తలకు పేర్లు పెట్టినవాళ్లు గుండ్రటి గుల్లల్లో చాలావాటిని నాటికా కింద వేశారు. వాళ్ల తప్పు కాదు, అప్పటికి తెలిసింది అంతే. తర్వాత వాటిలో చాలావాటిని నెరిటారియా, నాటికాప్సిస్ లాంటి నెరిటిమార్ఫా ప్రజాతుల్లోకి మార్చారు. నాటికా కుటుంబానికి చెందినవని తిరుగులేకుండా ఒప్పుకోదగ్గ గుల్లలు క్రిటేషియస్‌లో కనిపిస్తాయి. ట్రయాసిక్ గుల్లల మీద కూడా నాటికా తొలిచినట్టు గుండ్రటి చిల్లులు దొరికిన మాట నిజమే. ఆ చిల్లులు పెట్టింది ఎవరన్న వాదన ఇంకా నడుస్తోంది. కానీ మన చీటీ మాత్రం 1840ల్లోనే ఆగిపోయింది. దాన్ని చూసి రికార్డు రాసినవాళ్లు, ఆ రికార్డు చూసి మార్కులు వేసినవాళ్లు అందరూ ఆ పాత మాటనే మోశారు.

మరి ఎలా గుర్తించాలి? ఇక్కడే నాకు ఎంత చెప్పినా తనివి తీరదు. నత్తగుల్ల మొన మీద, కంటికి ఆననంత చిన్నగా, దాని పసితనం ఉంటుంది. గుడ్డులోంచి బయటికొచ్చి సముద్రపు నీళ్లలో డింభకంగా (లార్వాగా) ఈదినప్పుడు కట్టుకున్న గుల్ల అది. సాధారణంగా ఒక మిల్లీమీటరు కన్నా చిన్నది. పెద్దయ్యాక గుల్ల ఎంత పెరిగినా ఆ మొదటి గుల్ల మొన మీద అలాగే ఉండిపోతుంది. మనిషి ఎదిగాక కూడా పసిబిడ్డ రూపం నెత్తిన మోస్తున్నట్టు. పెద్ద గుల్ల బతుకుతెరువును బట్టి ఆకారం మార్చుకుంటుంది. ఈ పసి గుల్ల వంశాన్ని చాలా గట్టిగా పట్టుకుని ఉంటుంది.

నెరిటిమార్ఫాల పసి గుల్ల బంతిలా ఉంటుంది, ఒక చుట్టు మరొకదాన్ని మింగేసినట్టు. వెటిగాస్ట్రోపోడా అనే ఇంకో శాఖలో దాదాపు ఒక చుట్టుకు మించదు, వాటి డింభకాలు నీళ్లలో ఆహారం తినవు కాబట్టి. సీనోగాస్ట్రోపోడాల్లో తిండి తింటూ వారాల తరబడి ఈదే డింభకాలకు చాలా చుట్లుంటాయి, ఒక్కోసారి వాటి మీద వల అల్లినట్టు గీతలూ ఉంటాయి. హెటిరోబ్రాంకియా అనే మరో శాఖది ఇంకో వింత. పసి గుల్ల ఒక వైపు తిరుగుతుంది, పెద్ద గుల్ల ఇంకో వైపు తిరుగుతుంది. మొన దగ్గర పసి గుల్ల పక్కకు ఒరిగి, దారి మార్చుకున్నట్టు కనిపిస్తుంది. ఆ ఒక్క మలుపు కనిపిస్తే చాలు, పొడుగ్గా సన్నగా ఉన్న ఆ గుల్ల ఏ శాఖదో తెలిసిపోతుంది. కనిపించకపోతే టరిటెల్లా లాంటి పొడుగు గుల్లల్లో పదిరకాల వంశాలు కలిసిపోతాయి.

తిరిగే దిశ గురించి ఒక మాట. మన పూజగదుల్లో దక్షిణావర్త శంఖం ఎంతో అరుదని, లక్షల విలువని అంటారు. శంఖపు నత్త గుల్లలు ఎక్కువగా ఒక దిశలో తిరుగుతాయి, ఏ లక్షల్లో ఒకటో ఎదురు దిశలో తిరుగుతుంది. ఆ అరుదైనదాన్ని మనం దక్షిణావర్తం, అంటే కుడివైపు తిరిగినది అంటాం. జీవశాస్త్రంలో అదే గుల్లను ఎడమ మెలిక గుల్ల అంటారు. ఇద్దరిదీ ఒకే గుల్ల. శాస్త్రవేత్తలు మొన పైకి పెట్టి, నోరు తమవైపు తిప్పుకుని, నోరు ఏ చేతివైపు ఉందో చూస్తారు. మన పురోహితులు పట్టుకునే తీరు వేరు. ఎలా పట్టుకుని చూశావో చెప్పకుండా కుడి ఎడమలు చెబితే ఆ మాటకు విలువ లేదు. నత్తల వర్గీకరణలో ఇలా ఎలా చూశావు అన్న ప్రశ్న ప్రతి అడుగునా వస్తుంది. మా చీటీలో లేనిది అదే.

పసి గుల్ల కనిపించాలంటే శిలాజం బాగా భద్రంగా ఉండాలి. అలాంటి చోటు ఇటలీలో ఉంది. డోలమైట్ పర్వతాల్లో సెయింట్ కాసియన్ అనే ఊరి దగ్గర దాదాపు 23 కోట్ల ఏళ్ల కిందటి మెత్తటి బంకమట్టి పొరలున్నాయి. ఆ మట్టి నీళ్లు దూరకుండా కాపాడడం వల్ల కొన్ని గుల్లల్లో అసలు అరగొనైటే ఇంకా ఉంది. కొన్ని నెరిటిమార్ఫాల మీద రంగుల పట్టీలు కూడా చెరిగిపోలేదు. అక్కడ ఇప్పటివరకు వర్ణించిన అకశేరుక జాతులు 1,400కు పైనే, వాటిలో నత్తలది పెద్ద వాటా. ఎక్కువ నత్తలు సెంటీమీటరు కన్నా చిన్నవి. మట్టిని నీళ్లలో నానబెట్టి, అర మిల్లీమీటరు జల్లెడ పట్టి, సూక్ష్మదర్శిని కింద తడి కుంచెతో ఒక్కొక్కటే ఏరాలి. మా ఇళ్లల్లో బియ్యంలో రాళ్లు ఏరే ఓపిక ఉన్న ఆడవాళ్లు ఆ పనిలో చాలామంది ప్రొఫెసర్ల కన్నా నయంగా ఉంటారని నా గట్టి నమ్మకం.

అక్కడి నత్తలను మ్యూన్‌స్టర్ 1841లో వర్ణించాడు, కిట్ల్ వియన్నాలో 1890ల్లో తిరగరాశాడు. తర్వాత కోర్టినా ఊరివాడే అయిన జార్దీని అనే ప్రకృతి ప్రేమికుడు ఏళ్ల తరబడి ఏరి, 1978లో చిత్రాలతో జాబితా వేశాడు. ఆయన పేరు మీద ఆ ఊళ్లో మ్యూజియమే ఉంది. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని వచ్చాక ఆ పసి గుల్లలు చూసి పాత పేర్లలో ఎన్నింటినో కదిలించారు. 2021లో కూడా అక్కడి ప్లూరోటొమారిడ్ల మీద మళ్లీ పెద్ద పరిశీలన వచ్చింది. ఆ గుంపు నత్తల గుల్ల నోటి అంచున ఒక చీలిక ఉంటుంది. ఊపిరి పీల్చి వదిలిన నీళ్లు దాని గుండా పోతాయి. గుల్ల పెరిగేకొద్దీ వెనక చీలిక పూడుతూ, చుట్టూ పంచె అంచులా ఒక పట్టీ మిగులుతుంది. ఈ పట్టీ కనిపించిందంటే మొన అరిగినా గుంపు దాదాపుగా చెప్పేయొచ్చు. అంటే ప్రతిసారీ ప్రశ్నార్థకమే గతి అని కాదు. ధైర్యంగా చెప్పగలిగినప్పుడు చెప్పాలి.

ఇంకో చిక్కు ఉంది. ఒకే జాతిలో ఎంత తేడా ఉంటుందో తెలియాలి. మన తూర్పు తీరపు ఇసుకలో ఉంబోనియం అనే బొత్తాం నత్తలు గుప్పిళ్ల కొద్దీ దొరుకుతాయి. పిల్లలు ఏరుకుని జేబులు నింపుకుంటారు. ఒక్క పిడికెడులో బూడిదరంగు, గులాబీ, తేనెరంగు, జీబ్రా చారలు, చుక్కలు, ఏవీ లేనివి, అన్నీ ఉంటాయి. అన్నీ ఒకటే జాతి. మా విద్యార్థులకు ఓసారి ఒక దోసెడు ఇచ్చి, పేర్లు చెప్పకుండా జాతులుగా విడదీయమన్నాను. ఒక జట్టు తొమ్మిది కుప్పలు పెట్టింది, ఇంకో జట్టు పద్నాలుగు. ట్రయాసిక్ నత్తల్లోనూ ఇదే జరిగింది. చిన్న బొడిపె ఎక్కువున్నా ఒక పేరు, గీత తక్కువున్నా ఒక పేరు. పొరలో పది నమూనాలు చూసి, వయసుకీ పరిసరానికీ తగ్గ తేడాలను లెక్కలోకి తీసుకున్నాక కుప్పలు తగ్గుతాయి. మా చేతిలో ఉన్నది ఒకే ఒక్కటి. దాన్ని పట్టుకుని జాతి చెప్పడం ఒక మెతుకు చూసి ఏ ఊరి బియ్యమో చెప్పడమే.

"ఏ పేరైతే ఏంటి సార్, నత్త చచ్చి కోట్ల ఏళ్లయింది" అని ఒక తోటి లెక్చరర్ అన్నారు. మంచి మనిషే, ఆయన అన్నదానికి జవాబు చెప్పాలి. ట్రయాసిక్‌కు ముందున్న పెర్మియన్ కాలం చివర, 25 కోట్ల 19 లక్షల ఏళ్ల కిందట, సముద్ర జీవుల్లో పదింట ఎనిమిదికి పైగా జాతులు నశించాయి. సైబీరియాలో లావా పొంగి, గాలిలో కార్బన్ డయాక్సైడ్ పెరిగి, సముద్రం వేడెక్కి, ప్రాణవాయువు తగ్గి జరిగిన వినాశం అది. ఎవరు బతికారు, ఎవరు చచ్చారు, ఎన్నేళ్లకు కోలుకున్నారు అన్న లెక్కలన్నీ ఇలాంటి చీటీలను కూడితేనే వస్తాయి. చాలా నత్త ప్రజాతులు పెర్మియన్‌లో ఉంటాయి, ట్రయాసిక్ తొలి భాగంలో మాయమై, మధ్య భాగంలో మళ్లీ కనిపిస్తాయి. వీటిని బైబిల్లో చచ్చి లేచిన లాజరు పేరుతో పిలుస్తారు. నిజంగా బతికి ఎక్కడో దాగి మళ్లీ వచ్చాయా? లేక పాతవాడు చచ్చిపోయాక, వాడి పోలికతో ఇంకో వంశం పుట్టిందా? ఈ రెండో రకానికి, ఎల్విస్ ప్రెస్లీ అనే అమెరికన్ గాయకుడు చనిపోయాక ఆయన వేషం కట్టినవాళ్లను తలుచుకుని, ఎల్విస్ అని పేరు పెట్టారు. ఒకటి లాజరా, ఎల్వీసా అని తేల్చేది ఆ మొన మీది పసి గుల్లే. పైరూపం చూసి పాత పేరే రాసేస్తే చచ్చినవాడు బతికినట్టు లెక్కకెక్కుతాడు. వినాశం ఉన్నదానికన్నా చిన్నదిగా కనిపిస్తుంది.

వినాశం తర్వాత నత్తలన్నీ మరుగుజ్జులయ్యాయన్న మాట కూడా ఉంది. అమెరికాలోని యూటా ప్రాంతంలో దొరికిన పెద్ద ట్రయాసిక్ నత్తలను చూపించి 2010లో దాన్ని గట్టిగా ప్రశ్నించారు. అక్కడా గొడవంతా ఏ నత్త ఏ ప్రజాతిదన్న దగ్గరికే వస్తుంది. ఒకే వంశంలో తాతకన్నా మనవడు పొట్టివాడా అని చూడాలంటే ముందు వాడు ఆ తాత మనవడేనని తేలాలి కదా. ఇవాళ సముద్రం మళ్లీ వేడెక్కుతోంది. మత్స్యకారుల బిడ్డలకు పాఠం చెప్పేవాణ్ణి నేను. సముద్రం వేడెక్కినప్పుడు ఎవరు నిలిచారన్న లెక్క తప్పుల్లేకుండా ఉండాలని కోరుకోవడానికి ఇంతకన్నా కారణం నాకు అక్కర్లేదు.

నా వాదనకు గట్టి అడ్డు ఒకటే ఉంది, దాన్ని నేను దాటవేయను. పేరు లేకపోతే పిల్లవాడికి ఏదీ గుర్తుండదు. పేరు ఒక మేకు, దానికే జ్ఞానాన్ని తగిలిస్తాం. నిజమే. పైగా అన్నిటికీ "తెలీదు" అని రాసి చేతులు దులుపుకునే బద్ధకం కూడా ఉంది, అది తప్పు పేరు పెట్టడం కన్నా ఏమంత మేలు కాదు. అందుకే వర్గీకరణ శాస్త్రంలో తెలిసీ తెలియనిదాన్ని రాసుకునే మర్యాదలు ఏర్పడ్డాయి. జాతి పేరుకు ముందు "సీఎఫ్" అని పెడితే ఇది బహుశా ఆ జాతే, రూఢిగా చెప్పలేను అని అర్థం. "ఎఎఫ్ఎఫ్" అంటే దానికి దగ్గరిదే గానీ వేరు. "ఎస్పీ" అంటే ప్రజాతి తెలుసు, జాతి తేలలేదు. ప్రశ్నార్థకం ఏ మెట్టు పక్కన పెడితే ఆ మెట్టు దగ్గర అనుమానం. రోజూ వాడే ఈ గుర్తులను మనం డిగ్రీ పిల్లలకు ఒక్కరోజైనా చెప్పం. నేనూ పదేళ్లపాటు చెప్పలేదు. స్పాటర్ కింద ఒకే ఒక పేరు, దానికి రెండు మార్కులు. నా క్లాసులో ఎంతమంది ప్రశ్నార్థకం పెట్టాలనుకుని, మార్కు పోతుందని చెరిపేశారో నాకు తెలీదు. అది తలుచుకుంటే మాత్రం బాధేస్తుంది.

స్పాటర్‌కు రెండు మార్కులుంటే, ఒకటి చూసిన లక్షణాలకు ఇవ్వాలి, రెండోది ఆ లక్షణాలు ఎంతవరకు తీసుకెళ్తే అంతవరకే వెళ్లినందుకు ఇవ్వాలి. ఈ ఏడాది ఇంటర్నల్స్‌లో నేను అలాగే చేశాను. లక్షణాలు రాసినా కారణం చెప్పకుండా నాటికా అనేసినవాళ్లకు ఒక్క మార్కే వచ్చింది. ఇద్దరు తండ్రులు ఫోన్ చేసి అడిగారు. గుల్లలు పట్టుకుని రండి, చూపిస్తాను అన్నాను. ఒకాయన వచ్చారు. పలాసలో జీడిపిక్కల పని చేస్తారు. అరగదీసిన రెండు గుల్లలూ చాలాసేపు చూసి, "పిక్క పైన ఒకలాగే ఉంటది బాబూ, కొడితేనే తెలుస్తాది పప్పేటో" అని వెళ్లిపోయారు.

మళ్లీ పెట్టె దగ్గరికి. గార అమ్మాయీ నేనూ ఆ నత్తను రెండు మధ్యాహ్నాలు చూశాం. మొన అరిగింది కాబట్టి పసి గుల్ల మీద ఆశ లేదు. పక్కన ఒకచోట పెంకు ఊడిపోయి ఉంది. అక్కడ లెన్సు పెట్టి, టార్చి వెలుగు పక్క నుంచి వేసి చూస్తే లోపలి గోడ గీత కనిపించాల్సిన చోట ఏమీ లేదు. నున్నటి గోధుమరంగు రాయి ఒకే ముద్దగా ఉంది. ఆ అమ్మాయి ముఖం వెలిగిపోయింది. "గోడలు కరిగించుకున్నట్టే కదా సార్, నెరిటానే కదా!" అంది. కాల్సైట్‌గా మారినప్పుడు గోడ చెరిగిపోయి ఉండొచ్చని, కోసి చూస్తే తేలుతుందేమో గానీ ఉన్నది ఒక్కటే నమూనా అని అన్నాను. కాసేపు ఆలోచించి, "అయితే కొయ్యొద్దు సార్, మా తర్వాతోళ్లకి మంచి మిషన్ వస్తాదేమో" అంది. చీటీ తనే రాసింది. గుండ్రటి దస్తూరీ.

"నెరిటిమార్ఫా? ప్రజాతి, జాతి తేలలేదు. లోపలి అచ్చు, పెంకు కొంత మిగిలింది. మొన అరిగింది, పసి గుల్ల లేదు. ఎడమ పక్క విరిగినచోట లోపలి గోడ కనిపించలేదు. దొరికిన చోటు, పొర తెలియవు. ట్రయాసిక్ అన్నది పాత చీటీని బట్టి."

పాత చీటీ పారేద్దామా అని అడిగింది. వద్దన్నాను. మ్యూజియాల్లో పాత చీటీని ఎప్పుడూ పారేయరు, కొత్తదాని కింద ఉంచుతారు. రెంటినీ మడిచి దూది కింద పెట్టి, తేదీ వేసి, మూత మూసింది. మిగిలిన ఆరింటికీ చీటీలు లేవు. సెలవులయ్యాక వాటి పని పట్టాలి.